తాబేలు తలుపు

ఈ ఉదయం మా పడగ్గది గోడకి తాబేలు పట్టేంత తలుపు ఒకటి మొలిచింది. దాని మీద సర్కారు ముద్ర ఉంది. సిరా ఇంకా ఆరలేదు.

ఇలాంటిదే మా బోటు వలకీ ఉంది. వలలో చిక్కిన తాబేలు తప్పించుకుపోవడానికి పట్నం వాళ్లు పోరాడి, సర్కారు చేత పెట్టించిన కంత అది. అందులోంచి రొయ్య కూడా పోతుంది. అందుకని సముద్రంలోకి వెళ్లగానే మేమంతా దాన్ని కుట్టేస్తాం. తిరిగొచ్చేటప్పుడు, ఒడ్డు కనబడగానే, ఇనస్పెక్టరు చూడకముందే కుట్లు కోసేస్తాం.

కాబట్టి సూది తీస్తాను. గోడ సూదికి మెత్తగా లొంగుతోంది.

"ఎందుకు మావా కుట్టెత్తన్నావు? కాసింత గాలొత్తాది కదా," అంటుంది వంటగదిలోంచి నా భార్య నూకాలు.

"ఆల్ల మాట నమ్మితే రేపు నీకూ ఓ కంతెడతారు."

"నా జాకెట్టుకి ఉక్సు కుట్టమంటే నెల్నాళ్లు తిప్పినావు. సర్కారోడి మీద కోపమొత్తే గోడలు కూడా కుట్టెత్తావు."

చివరి ముడి వేస్తాను. మా నాన్న నేర్పిన ముడి. అది విప్పితే రాదు, కొయ్యాల్సిందే. అది బిగియగానే ఇల్లు సాగడం మొదలవుతుంది. పడగ్గది నోరు తెరుచుకుంటుంది. వంటగది సన్నబడుతూ, వల చివరి సంచిలా, దూరమైపోతుంది. గోడల నిండా వల కన్నాలు పడి నీళ్లు లోపలికొస్తున్నాయి. గిన్నెలు, పీటలు, పిల్లి, అన్నీ నూకాలు వైపే కొట్టుకుపోతున్నాయి.

"మావా, పొయ్యారిపోనాది!" నీళ్లు ఆమె నడుం దాకా వచ్చాయి.

మొలలో కత్తి కోసం తడుముకుంటాను. లేదు. ఒడ్డు కనబడ్డాకే చేతికొచ్చే కత్తి అది. ఒడ్డు ఎక్కడా లేదు.

గోడ కన్నాల్లోంచి చేపల శాఖ ఇనస్పెక్టరు కనబడతాడు. తెప్ప మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన, టోపీ పెట్టుకుని, తాబేళ్ల కోసం పోరాడిన మేడం.

"బాబూ, కత్తియ్యండి. లోపల మడిసున్నాది."

"తలుపుందా?" అంటాడు ఇనస్పెక్టరు.

"ఉంది. కుట్టీసున్నాది."

"ఉంటే చాలు. తెరిచుండాలని రూల్లో లేదు."

మేడం కన్నాల్లోకి తొంగిచూస్తుంది. "లోపల తాబేళ్లున్నాయా?"

"లేవమ్మా. నా ఆడదున్నాది."

"అయ్యో," అంటుంది. ఆమె కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. "కత్తి తేలేదు. మీరు కుట్టరని నమ్మాను."

తెప్ప వెళ్లిపోతుంది. ఇంటి కప్పు మీద తాడు బిగుసుకుంటుంది. పైన ఎవరో వల పైకి లాగే వించ్ తిప్పుతున్నారు. నేలతో సహా ఇల్లు లేస్తోంది.

వంటగదిలోకి ఈది, నూకాలు జుట్టు పట్టుకుని తలుపు దాకా లాక్కొస్తాను. ముడిని కొరుకుతాను. ముందు పళ్లు ఊడతాయి, తర్వాత ముడి.

తలుపు తాబేలు కొలతకే ఉంది. నూకాలు కాళ్లూ చేతులూ కడుపులోకి ముడుచుకుని, తల లోపలికి లాక్కుంటుంది. సరిగ్గా పడుతుంది.

"మరి నువ్వో?"

"నువ్వెల్లే. ఎనకే వత్తాను."

ఆమె బయటపడుతుంది. ఊపిరి పీల్చిన చప్పుడు నాకు వినబడుతుంది. తూరుపు వైపు ఈదుకుంటూ పోతోంది.

అప్పుడు నా చేతులు మళ్లీ కుట్టడం మొదలుపెడతాయి. తెరిచున్న తలుపు కనబడితే అవి ఊరుకోవు. దారం నూకాలు చీర అంచులోంచి వస్తోంది. ఒక్కో కుట్టుకీ ఆమె కొంచెం వెనక్కి జరుగుతోంది.

"ఆపండి," అంటాను.

"ఎవులు ఆపమన్నారు? సర్కారోడా?" అని అడుగుతాయి చేతులు.

"నేనే."

అవి నమ్మవు.

సూది ఇంకో పోటు వేస్తుంది. దూరంగా నీటికీ ఆకాశానికీ మధ్య ఉన్న గీత సంచి మూతిలా ముడతలు పడుతుంది. దాని ఉత్తరపు కొస దక్షిణపు కొసను వెతుక్కుంటూ, నూకాలు చుట్టూ నెమ్మదిగా బిగుసుకుంటోంది.