మచ్చు బిళ్ళకు బెజ్జం

మార్లిస్ కాంగస్ ఎనిమిదో పాస్టీ అంచు మడుస్తోంది. మాంసం, బంగాళదుంప, ఉల్లిపాయ ముక్కలు కూరి, పిండిని సగానికి ముడిచి, అంచును తాడు పేనినట్టు మెలిపెట్టుకుంటూ రావాలి. వేళ్ళకు పిండి, ముంజేతుల దాకా పిండి. ఒంటిగంటకల్లా ఆదివారం పేకాటవాళ్ళు వచ్చేస్తారు. ఇంకా ఆరు మిగిలాయి. వాటికి బల్ల మొత్తం కావాలి. కానీ సగం బల్ల మీద ఆమె భర్త డేల్ తువ్వాలు పరిచి, పేకాటలో డబ్బుకు బదులు పందెం కాసే బిళ్ళలు పేర్చుకుని కూర్చున్నాడు.

"మోచెయ్యి తియ్యి," అంది మార్లిస్.

"కాస్త నెమ్మదిగా చల్లుకోవే ఆ పిండి. ఇవి మట్టి బిళ్ళలు. గీతల్లోకి పోయిందంటే పళ్ళ బ్రష్షు పట్టుకుని కూర్చోవాలి నేను."

"కూర్చో. నువ్వు లేచిందెప్పుడు గనక?"

డేల్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ బిళ్ళల వల్ల ఈ ఇంట్లో మూడు వారాలుగా ఆమెకు నవ్వు రావడం లేదు.

పోయిన ఏడు డేల్ గని పని నుంచి విరమించాక, చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి ఆదివారం ఆటకోసం సొంత బిళ్ళలు చేయించుకున్నాడు. ఆరు వందల బిళ్ళలు. పావలా, ఒకటి, అయిదు, ఇరవై డాలర్లవి, నాలుగు రంగులు. ప్రతి బిళ్ళ నడుమ తను, తన స్నేహితులు ముప్ఫై ఏళ్ళు దిగి ఎక్కిన గని నోటి మీది గోపురం బొమ్మ. బొమ్మ గీయించడానికే నాలుగు నెలలు పట్టింది. గోపురం కిటికీలు ఐదా, ఆరా అని చలిలో వెళ్ళి లెక్కపెట్టి వచ్చాడు. అంతవరకు మార్లిస్‌కు ఏ బాధా లేదు. ఈ ఇష్పెమింగ్ ఊరి చలికాలంలో మగవాడికి ఏదో ఒక పిచ్చి ఉండాలి, లేకపోతే భార్యకు పిచ్చెక్కుతుంది.

బాధంతా మచ్చు బిళ్ళలతో మొదలైంది. దేశం నిండా ఇలాంటి బిళ్ళలు పోగేసేవాళ్ళున్నారు. వాళ్ళకు ఇంటర్నెట్‌లో ఒక గుంపు ఉంది. ఒకడు కొత్తగా బిళ్ళలు చేయిస్తే, మచ్చుకు రంగుకొకటి మిగతావాళ్ళకు టపాలో పంపుతాడు. వాళ్ళు తమవి పంపుతారు. అందుకని డేల్ ఆరు వందలు కాక, రంగుకు యాభై చొప్పున మచ్చు బిళ్ళలు కూడా పోయించాడు. అదే అచ్చు, అదే మట్టి, అదే రంగు. పక్కపక్కన పెడితే చేసినవాడు కూడా తేడా చెప్పలేడు.

చెప్పలేడు కాబట్టే ఆ గుంపులో ఒక నియమం ఉంది. మచ్చు బిళ్ళను పాడుచేసి పంపాలి. బెజ్జం కొట్టాలి, అంచు కొయ్యాలి, లేదంటే ఆటలో లేని రంగులో పోయించాలి. అలా చెయ్యకపోతే టపాలో పోయిన ఇరవై డాలర్ల బిళ్ళ ఏదో ఒక రోజు ఎవరి జేబులోనో కూర్చుని అదే ఇంటికి తిరిగొస్తుంది, ఆట అయ్యాక నిజం డబ్బుగా మారుతుంది.

డేల్‌కు నియమం తెలుసు. పాటించడానికి చెయ్యి రాలేదు.

"గోపురానికి బెజ్జం పెట్టమంటావేంటే? కన్నబిడ్డ ముక్కు కొయ్యమన్నట్టుంది," అని నలభై ఒక్కమందికి చెక్కుచెదరని బిళ్ళలు పంపాడు. రంగుకొకటి చొప్పున నాలుగు, అదే ఊళ్ళో ఉంటూ ఆదివారం ఆటకొచ్చే పాత గని స్నేహితుడు గోర్డీ హైకిలాకు క్రిస్మస్ కానుకగా ఇచ్చాడు.

మూడు వారాల కిందటి ఆదివారం ఆట ముగిశాక, మార్లిస్ ఎప్పటిలాగే బిళ్ళలు తీసుకుని డబ్బులిచ్చి, పెట్టె సర్దుతూ లెక్కపెట్టింది. ఆరు వందల ఒకటి. మళ్ళీ లెక్కపెట్టింది. ఆరు వందల ఒకటి. మూడోసారి లెక్కపెడుతుంటే అందరూ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డారు. ఇరవై డాలర్ల బిళ్ళ ఒకటి ఎక్కువుంది. ఇరవై డాలర్లు పోతే కొంపలేం మునగవు. కానీ ఆ గదిలో ఉన్నవాళ్ళలో డేల్ కాక మచ్చు బిళ్ళలున్నది ఒక్క గోర్డీకే. ఎవరూ ఏమీ అనలేదు. ఒకరి తర్వాత ఒకరు గోర్డీ వంక చూసి చూపు తిప్పుకున్నారు, అంతే. డేల్ కూడా చూశాడు. మార్లిస్ చూసింది ఆ చూపులనే.

ఆ తర్వాతి ఆదివారం గోర్డీ రాలేదు. నడుం నొప్పి అన్నాడు. ఆ పై ఆదివారమూ నడుం నొప్పే. ఇరవై ఆరేళ్ళలో పెళ్ళాం చనిపోయిన వారం తప్ప ఆట మానని మనిషి. మొన్న మంగళవారం కిరాణా కొట్లో మార్లిస్‌ను చూసి, సబ్బుల వరసలోకి తిరిగిపోయాడు. చేతిలో బుట్ట ఉంది, నడుం నిటారుగానే ఉంది.

ఈ మూడు వారాలూ డేల్ చేసిందేమిటంటే, గుంపులో ఒక చర్చ పెట్టాడు. మచ్చు బిళ్ళలు దుర్వినియోగం కాకుండా ఏం చెయ్యాలి? ఎనభై ఆరు జవాబులు వచ్చాయి. బెజ్జం ఎంత వెడల్పు ఉండాలన్న దాని మీదే ముప్ఫై.

"ఇది విను," అన్నాడు డేల్ ఇప్పుడు, ఫోను ముక్కుకి ఆనించుకుని. "టెక్సాస్‌లో ఒకాయన రాశాడు. 'ఇంత అందమైన బిళ్ళకు నేను చచ్చినా బెజ్జం పెట్టను, నా మాట నమ్ము' అని. ఎంత మర్యాదస్తుడో చూడు."

"నువ్వు నలభై ఒక్కమందికీ బెజ్జం పెట్టుకోండని రాశావా, లేదా?"

"రాశాను."

"ఎంతమంది పెట్టారు?"

"ఇద్దరు. అందులో ఒకాయన వేరేవాళ్ళ బిళ్ళకు పెట్టేశాడు పాపం. ఫొటో పంపాడు."

మార్లిస్ పిండి చేతుల్నే నడుం మీద పెట్టుకుంది. "డేల్, ఇవాళ మిగిలిన మచ్చులన్నిటికీ బెజ్జాలు పడాలి. ఆట మొదలయ్యే లోపల. కింద నుంచి డ్రిల్లు తెచ్చి ఇక్కడ పెట్టమని పొద్దున చెప్పాను."

"తెచ్చాను. అదిగో కుర్చీ మీద. కానీ అంచు కోస్తే మేలంటున్నారు చాలామంది. బెజ్జమైతే మట్టి పగిలే..."

"ఎన్ని మిగిలాయి?"

ఈ విషయంలో మాత్రం డేల్‌ను అనడానికేం లేదు. ఎవరికి ఏ తారీఖున ఏం పంపాడో నోటుపుస్తకంలో గీతలు కొట్టి రాసి పెట్టుకుంటాడు. సగర్వంగా చదివాడు. "రంగుకు యాభై. పంపింది నలభై ఒకటి. గోర్డీకి ఒకటి. మిగిలింది ఎనిమిది."

మార్లిస్ చెయ్యి కడుక్కుని వచ్చి మచ్చులు దాచిన ఆల్బమ్ పేజీలు తిప్పింది. ప్లాస్టిక్ అరల్లో పావలాలు ఎనిమిది. ఒకట్లు ఎనిమిది. అయిదులు ఎనిమిది. ఇరవైలు ఏడు.

"ఇందులో ఏడే ఉన్నాయి."

"ఓ, అదా. అది నా జేబు బిళ్ళ. బయట తిరిగేటప్పుడు వెంట ఉంచుకుంటాను. అప్పుడప్పుడు వేలితో రుద్దుకుంటే బాగుంటుంది."

"ఏ జేబులో?"

"ఎప్పుడూ ఈ చొక్కా జేబులోనే."

"చూపించు."

చొక్కా జేబు తడుముకున్నాడు. ప్యాంటు జేబులు. లేచి వెళ్ళి కొక్కేనికున్న కోటు జేబులు. సోఫా దిళ్ళు ఎత్తి చెయ్యి దూర్చాడు. రెండు పెన్నులు, ఒక దగ్గు బిళ్ళ దొరికాయి. మార్లిస్ కదలకుండా నిలబడి చూసింది. భర్త ముఖంలో ఒక మాట మెల్లగా పైకి రావడం, దాన్ని ఆయన లోపలికి నొక్కడం ఆమెకు కనబడుతోంది.

"నువ్వు వాషింగ్ మెషీన్లో వేసుంటావు," అన్నాడు చివరికి.

"ఆట ఆడేటప్పుడు నీ ముక్కలు చెదరకుండా వాటి మీద ఏం పెడతావు?"

డేల్ చేతిలోని దగ్గు బిళ్ళ కాగితం విప్పసాగాడు.

"డేల్."

"ఆ బిళ్ళే పెడతాను. అందరం ఏదో ఒకటి పెడతాం. గోర్డీ బోల్టు పెడతాడు..."

"ఆ ఆదివారం కూడా పెట్టావా?"

"మూడు రాజులు పడ్డాయి నాకు," అన్నాడు డేల్ నీరసంగా. "పెద్ద పందెం. గెలిచాను కదా, రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నాను మొత్తం... దాంతోపాటు..."

"దాంతోపాటు నీ జేబు బిళ్ళనూ కుప్పలో కలుపుకుని, తెచ్చి నాకిచ్చి, నా దగ్గర ఇరవై డాలర్లు తీసుకున్నావు."

డేల్ కుర్చీలో కూలబడ్డాడు. గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది.

"అయితే ఎవరూ దొంగిలించలేదన్నమాట," అన్నాడు, ముఖం కాస్త వెలిగి. "ఇరవై డాలర్లూ ఇంట్లోనే ఉన్నాయి! ఎవరికీ నష్టం లేదు."

ముప్ఫై రెండేళ్ళ కాపురంలో ఈయనను ఏదైనా పెట్టి కొట్టాలనిపించిన సందర్భాలు మార్లిస్ వేళ్ళ మీద లెక్కపెట్టగలదు. ఇప్పుడు అందుబాటులో అప్పడాల కర్ర ఉంది.

"గోర్డీకి ఫోన్ చెయ్యి," అంది.

"చేస్తాను, చేస్తాను. కానీ ఫోన్లో ఎలా చెబుతాం ఇలాంటివి? మనిషి ఎదురుగా ఉంటే బాగుంటుంది. నడుం నొప్పి తగ్గి వచ్చినప్పుడు..."

"నడుం నొప్పా?"

"అంటే... నాకూ తెలుసులే. ముందు గుంపులో రాసేస్తాను. మచ్చు బిళ్ళను ముక్కల మీద బరువుగా పెట్టొద్దని. ఎనభై ఆరు జవాబులు రాసినవాళ్ళలో ఒక్కడికీ తట్టలేదు చూడు ఈ మాట! చాలామందికి పనికొస్తుంది."

"నువ్వు ఆ ఫోనులో గోర్డీ నంబరు తప్ప ఇంకేం నొక్కినా, ఈ పిండి నీ పావలాల మీద బోర్లిస్తాను."

అంతలో వీధి తలుపు తెరుచుకుంది. మంచు గాలి వంటింటి దాకా వచ్చింది. గోర్డీ హైకిలా. మామూలుగా అయితే గుమ్మంలోనే బూట్లు విప్పి, మేజోళ్ళతో జారుకుంటూ వచ్చి, "ఏం మాడుస్తున్నావు మార్లిస్?" అంటాడు. ఇవాళ మంచు బూట్లతోనే వంటింట్లోకి వచ్చాడు. నేల మీద తడి అచ్చులు పడ్డాయి. టోపీ కూడా తియ్యలేదు.

"నేను కూర్చోను," అన్నాడు. "ఇది ఇచ్చిపోదామని వచ్చాను."

శాండ్‌విచ్ కట్టుకునే చిన్న ప్లాస్టిక్ సంచి తువ్వాలు మీద పెట్టాడు. లోపల నాలుగు బిళ్ళలు. పావలా, ఒకటి, అయిదు, ఇరవై. నాలుగింటికీ నట్టనడుమ వేలు దూరేంత బెజ్జాలు. అంచులు గరుకుగా లేచి, మట్టి పొడి సంచి అడుగున చేరి ఉంది.

"నాలుగూ ఉన్నాయి. లెక్క చూసుకోరా," అన్నాడు గోర్డీ. గొంతు పెంచలేదు. "ఆ రోజే తెచ్చి చూపించేవాణ్ణి. కానీ నాకెందుకో, నన్ను ఎవడో ఒకడు నోరు తెరిచి అడిగితే బాగుండుననిపించింది. అడుగుతారని రెండు ఆదివారాలు ఇంట్లో కూర్చున్నాను. మిగతావాళ్ళ సంగతి సరే. నువ్వూ అడగలేదు. ఒరేయ్, గనిలో మూడో మట్టంలో పైకప్పు కూలిన రోజు నీ పక్కన ఉన్నది ఎవడ్రా?"

మార్లిస్‌కు ఆ మాట నాలుక చివర ఉంది. ఆయనేనయ్యా గోర్డీ, ఆయన జేబులోదే, అని ఒక్క ముక్క. కానీ అది తను చెప్పాల్సిన మాట కాదు. తను చెబితే డేల్ తలూపి ఊరుకుంటాడు. తల తిప్పి భర్తను చూసింది. చెప్పు, అన్నట్టు చూసింది. ఇంతకన్నా సులువైన చోటు ఇక దొరకదు, మనిషి ఎదురుగానే ఉన్నాడు.

డేల్ సంచి విప్పి ఇరవై డాలర్ల బిళ్ళ చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురుకు పట్టి చూశాడు. పెదవులు కదిలాయి.

"గోపురం మధ్యలోంచి పెట్టావేంట్రా!" అన్నాడు. "అంచున పెట్టకూడదూ?"

గోర్డీ డేల్‌ను, డేల్ చేతిలో బిళ్ళను చూశాడు. తర్వాత మార్లిస్ వైపు తిరిగి, "నేల తడిపేశాను. ఏమనుకోకమ్మా. వస్తాను," అన్నాడు. తలుపు మెల్లగానే వేసుకుని వెళ్ళాడు. కాసేపటికి బయట ట్రక్కు ఒకటి రెండుసార్లు మొరాయించి కదిలింది.

"నేను చెప్పబోయాను," అన్నాడు డేల్. "చెప్పబోతున్నాను, ఇంతలో ఇది కనపడింది. నువ్వు చూశావుగా, ఎంత పెద్ద బెజ్జమో. కావాలనే పెట్టాడు. చిన్నది పెడితే సరిపోయేది. అసలు బెజ్జం వెడల్పు..."

మార్లిస్ కుర్చీ మీది డ్రిల్లు తీసుకుంది. ఆల్బమ్‌లోంచి మొదటి ఇరవై డాలర్ల బిళ్ళ తీసి, చెక్క పలక మీద పెట్టి, పట్టుకారుతో బిగించింది. గోపురం మీద, సరిగ్గా ఐదో కిటికీ దగ్గర ములుకు ఆనించి మీట నొక్కింది. ఎర్రటి పొడి పాస్టీ పిండిలోకి ఎగిరింది. ఆ బిళ్ళ పక్కన పెట్టి రెండోది తీసింది. మూడోది పగిలి రెండయింది. ఊడ్చి అవతల పడేసి నాలుగోది బిగించింది.

డ్రిల్లు ఆగినప్పుడల్లా డేల్ ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె మాత్రం తర్వాతి బిళ్ళ కోసం చెయ్యి చాపింది. ఏడో ఇరవై అయ్యాక అయిదుల పేజీ తిప్పింది. గడియారం ఒంటిగంటకు పావు తక్కువ. పావుగంటలో నలుగురైదుగురు వచ్చి తలుపు కొడతారు, డబ్బిచ్చి బిళ్ళలు ఇమ్మంటారు, గోర్డీ నడుం ఎలా ఉందని అడుగుతారు.

డేల్ ఫోను తీసుకున్నాడు. దాని వంక చూశాడు. బల్ల మీద బోర్లా పెట్టేశాడు. లేచి గుమ్మంలోకి వెళ్ళి, స్టూలు మీద కూర్చుని బూట్లు వేసుకున్నాడు. తాళ్ళు కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. కోటు తొడుక్కున్నాడు కానీ గుండీలు పెట్టుకోలేదు, టోపీ కొక్కేనికే ఉంది. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా మాట్లాడుతూనే ఉండే మనిషి తలుపు తీసుకుని, ఒక్క మాట కూడా అనకుండా, గోర్డీ ట్రక్కు వెళ్ళిన వైపు మంచులో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.