ఏడో మడి

ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది గానీ, ఆ పేరుతో పిలిచే నాథుడు లేడు. నడుముకి ఎప్పుడూ కలుపు తవ్వే బొరిగె దోపుకుని తిరుగుతుంది కాబట్టి పరిశోధన క్షేత్రంలో అందరికీ ఆమె బొరిగమ్మే. ముప్పై ఏళ్లుగా కలుపు తీస్తోంది. గరికైనా తుంగైనా ఆమె కంట పడిందా, దానికి నూకలు చెల్లినట్టే.

అలాంటి మనిషికి ఆ ఏడు ఓ వింత ఆజ్ఞ వచ్చింది. మొక్కజొన్న వేసిన పన్నెండు మళ్లలో పదకొండింటికి కలుపు తీయాలట. ఎర్ర రేకు పాతిన ఏడో మడి జోలికి మాత్రం పోకూడదట.

"ఎందుకమ్మా, అదేం పాపం చేసింది?" అని అడిగింది.

పరిశోధన చేస్తున్న అమ్మాయి బొరిగమ్మ కూతురి ఈడుది. ఓపిగ్గా చెప్పింది. "దాన్నలా వదిలేస్తేనే పెద్దమ్మా, కలుపు ఎంత పంట తినేస్తుందో లెక్క తేలేది. మూడేళ్ల నుంచి చేస్తున్నా. ఈ పంటతో అయిపోతుంది."

"అది తెలుసుకోడానికి మూడేళ్లా! నన్నడిగితే మూడు మాటల్లో చెప్పేదాన్ని కదమ్మా."

అందరూ నవ్వారు. బొరిగమ్మే ఎక్కువ నవ్వింది.

ఆ నవ్వు నెల తిరక్కుండానే ఆరిపోయింది. పక్క మళ్లలో మొక్కజొన్న నడుం దాటింది. ఏడో మడిలో ఊద గడ్డి ఏపుగా లేచింది, కింద తుంగ అల్లుకుంది, మధ్యన మొక్కజొన్న మోకాలెత్తున పాలిపోయి నిలబడింది. నీళ్లు పెడితే గడ్డే తాగేది, ఎరువు వేస్తే గడ్డే తినేది. ఆ పక్కగా పోవాల్సి వస్తే బొరిగమ్మ మొహం తిప్పుకునేది. తిప్పుకుంటే మాత్రం కనబడకుండా పోతుందా?

ముప్పై ఏళ్ల కిందట ఆమెకి కవల ఆడపిల్లలు పుట్టారు. పెద్దది గడుగ్గాయి, ఇల్లెగిరిపోయేలా ఏడ్చి పాలు లాక్కునేది. చిన్నది నోట్లో వేలేసుకుని ఊరుకునేది. అడగందే అమ్మయినా పెట్టదని సామెత చెప్పి నవ్వుతారు జనం. ఆ సామెత కట్టినవాడి నోట మన్ను పడ! ఏడవని పిల్ల బంగారమనుకుంది ఆ పిచ్చితల్లి. చిన్నదాని డొక్కలు లోపలికి పోయాయని రెండో నెలకి గానీ చూసుకోలేదు. చూశాక ఒళ్లోంచి దించలేదు, గుక్క గుక్కా తాగించింది. అయినా ఏడాది నిండకుండానే పోయింది. ఆ చివరి నెలల్లో తను ఇంకాస్త చేసుంటే బతికేదేమో అన్న దిగులు ఇప్పటికీ ఆమెని తింటూనే ఉంది.

విత్తిన నలభై అయిదో రోజు మధ్యాహ్నం అందరూ షెడ్డులో క్యారియర్లు విప్పారు. బొరిగమ్మ తన క్యారియర్ మూతైనా తీయకుండా ఏడో మడిలోకి దిగింది. గంటలో మడి అద్దంలా అయింది. మొక్కల మొదళ్లకి మట్టి ఎగదోస్తూ, "తినండమ్మా, ఇంక అంతా మీదే," అంది.

పరిశోధన అమ్మాయి వచ్చి చూసి గట్టు మీద కూలబడింది. "ఎంత పని చేశావు పెద్దమ్మా! నా కొంప ముంచావు!"

"తిట్టమ్మా, పడతాను. ఆకలితో ఉన్నదాన్ని చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. ఇప్పుడు కోలుకుంటాయి చూడు. కోలుకోవూ?"

ఆ అమ్మాయి కాసేపు ఏడ్చింది, మొహం కడుక్కుంది, ఎర్ర రేకు మీద 'నలభై అయిదో రోజున కలుపు తీశాం' అని రాసుకుంది.

అప్పట్నుంచీ బొరిగమ్మ పొద్దున్నే ముందు ఏడో మడికే పోయేది. ఆకులకి పచ్చదనం తిరిగింది. కంకులు పీచు వేశాయి. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

కోత రోజున పక్క మడి కంకులు జానెడు దాటాయి. ఏడో మడివి పొట్టు ఒలిస్తే వేలెడంత లేవు, అక్కడో గింజా ఇక్కడో గింజా. కాటా మీద పక్క మడిలో సగమైనా తూగలేదు.

"నేను శుభ్రంగా తీశాను కదమ్మా," అంది బొరిగమ్మ. "మరెందుకు రాలేదు?"

ఓదారుస్తున్నాననుకుని ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. "నీ చేతిలో లోపం లేదు పెద్దమ్మా. వీటికి మొదటి నెలే ప్రాణం. అప్పుడు పస్తుంటే ఎదుగుదల అక్కడే ఆగిపోతుంది. తర్వాత నువ్వెంత పెట్టినా పైకి పచ్చబడతాయి గానీ, పోయింది తిరిగి రాదు."

"ఎంత చేసినా?"

"ఎంత చేసినా."

బొరిగమ్మ ఓ కంకి తీసి ఒళ్లో పెట్టుకుంది. "నేను రెండో నెలకి చూశానమ్మా," అంది. "ముందే చూసినా దేన్ని పీకను తల్లీ? రెండూ నా కడుపు పంటే కదా. ఏది కలుపనుకోను?"

ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. బొరిగమ్మ గట్టు మీదే కూర్చుని, ఇన్నేళ్లూ దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది.

సాయంత్రం కూతురు స్కూటర్ మీద వచ్చింది. నిండైన మనిషి, ఖంగుమనే గొంతు. "ఆకలి దంచేస్తోందమ్మా, తొందరగా ఎక్కు!" అంది. తల్లి సంచి అందుకుని లోపలికి తొంగి చూసి నవ్వింది. "ఈ బోసి కంకి దేనికమ్మా? పిట్టలైనా ముట్టవు. పారెయ్."

బొరిగమ్మ కంకిని లాక్కుని గుండెకి అదుముకుంది.

"పారేయకే. దానికీ ఆకలేసింది. పాపం, అడగలేదంతే."