అడ్డం బిరడా

పాలిష్ గుడ్డ చేత పట్టుకుని నిలబడి ఉంది కనకరత్నం, ఎదురుగా కూతురు భాను కుట్టుమిషను కొట్టు గుమ్మం, కానీ ఆ గుమ్మం వెనక కొట్టు లేదు, గోదారి రేవు మెట్లున్నాయి, గుమ్మం పైన అడ్డంగా బిగించిన బరువైన టేకు పట్టీని తడుముతూ, మొన్న వేసవిలో పోయిన ఆమె మొగుడు వీరభద్రాచారి నిచ్చెనెక్కి ఉన్నాడు. పోయిన మనిషి ఎలా వచ్చాడన్న ఆలోచనే రాదు ఆమెకి. ఒళ్లు మాత్రం మండుతుంది.

"పని సగంలో వదిలేసి ఎక్కడికి పోయారండీ? మిగతాదంతా నేనే చచ్చీ చెడీ పూర్తి చేశాను."

"రత్నం, అడ్డం బిరడా ఏదే?" అంటాడాయన.

స్క్రూ తల కనబడకుండా ఆ గుంతలో అదే టేకుతో చెక్కిన చిన్న బిరడా కొట్టి, చెక్క గీతలో గీత కలిపేయడం ఆయన పనితనం. ఇప్పుడాయన వెతికేకొద్దీ పట్టీ సాగిపోతుంది, రేవు దాటి నీళ్ల మీదికి, పొడుగునా బిరడాలే, అన్నీ నున్నగా కలిసిపోయి ఒకేలా మెరుస్తూ.

"అదా! సరిచేసేశాగా," అంటుంది గొప్పగా. "గీతకి అడ్డంగా పెట్టారు, చూసినవాళ్లు నవ్విపోరూ? వదులుగానే ఉంది, అక్కడికక్కడే తిప్పి, జిగురు పోసి పాలిష్ కొట్టేశాను. ఇక భూతద్దం పెట్టినా దొరకదు."

ఆచారి ముఖంలో నెత్తురు చుక్క ఉండదు. "ఎంత పని చేశావే! అది తప్పు కాదు, నా గుర్తు. దాని కింద స్క్రూ లేదు. పొడుగువి అయిపోతే, మళ్లీ వచ్చి బిగిద్దామని ఊరికే మూసి పెట్టాను. ఆ కొస బరువంతా దాని మీదేనే."

"ఇన్నేళ్లు మీ పక్కన పనిచేశాను, ఒక్కనాడైనా చెప్పారా?"

"మళ్లీ వచ్చేది నేనేగా, చెప్పడమెందుకనుకున్నాను."

పట్టీ కొస కిర్రుమంటుంది. ఆయన రెండు చేతులూ ఎత్తి దాన్ని ఆపుతాడు.

"కింద ఎవరు కూర్చుంటున్నారు?"

"భానూ... వెలుతురు చాలట్లేదని మిషను గుమ్మంలోకి లాక్కుంది."

"వెళ్లు మరి! నా చేతుల్లో పట్టు లేదే, రత్నం!"

వెళ్దామంటే మెట్లు మెత్తగా కుంగుతాయి, కాలు తీసిన చోటే మళ్లీ పడుతుంది, వెనకనుంచి ఆయన ఆమెని పేరు పెట్టి అరుస్తూనే ఉంటాడు.

చాప మీద దిగ్గున లేచి కూర్చుంది. మధ్యాహ్నం ఎండ, పక్కింటి టీవీ మోత. ఫోన్ అందుకుని భానుకి చేసింది.

"ఏంటమ్మా," అంది భాను విసుగ్గా. "అసలే చిరాగ్గా ఉంది. పట్టు జాకెట్టు మీద పైనుంచి ఒకటే చెక్కపొడి. దులపలేక చస్తున్నా."

"లెగవే! బయటికి పో! ముందు లెగు!"

కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత వీధిలో స్కూటర్ల రొద మధ్య భాను గొంతు.

"వచ్చేశాను. ఏమైందమ్మా?"

కనకరత్నానికి ఏడుపు తన్నుకొచ్చింది.

"మీ నాన్నగారు లెమ్మన్నారే."