నేను పంపిన పద్దెనిమిది పేర్లు

డోరీన్ డ్రైలింగ్ నాకు థాంక్స్ చెప్పిన రోజునే నేను నోరు విప్పి ఉంటే ఆ కుటుంబానికి అంత అవమానం జరిగేది కాదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం అది. బడి వదిలేశారు. మైదానంలో ఒంగి గీతలకి సుద్దపొడి పోస్తున్నాను. పశ్చిమ కాన్సస్‌లో మాది గోధుమ పండే చిన్న ఊరు. ఇక్కడి హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్లుగా వడ్రంగం పాఠాలు చెప్తున్నాను, బేస్‌బాల్ జట్టుని చూసుకుంటున్నాను. నా పేరు గేల్ లైకర్ అయినా ఊరంతటికీ నేను కోచ్‌నే. డోరీన్ ఒకప్పుడు నా దగ్గర బల్ల చెయ్యడం నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు వృద్ధాశ్రమం వంటగదిలో పనిచేస్తోంది. ఆమె కొడుకు ట్రెంట్ మా క్యాచర్. అంటే, బ్యాట్ పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని బంతులు పట్టేవాడు.

ఆప్రాన్ కూడా విప్పకుండా పరుగులాంటి నడకతో వచ్చింది.

"కోచ్! వచ్చింది! చూడండి!"

దళసరి కాగితం మీద బంగారు రంగు అక్షరాలు. విచిటా శివార్లలో జూన్‌లో రెండు రోజుల ప్రదర్శన. కాలేజీ కోచ్‌లు వచ్చి చూసి ఎంచుకుంటారట. 'నీ కోచ్ సిఫార్సు మీద, రాష్ట్రమంతటి నుంచీ ఏరిన కొద్దిమందిలో నువ్వొకడివి' అని ఉంది. అడుగున, రుసుము ఏడొందల తొంభై అయిదు డాలర్లు.

"మీరు వాడి పేరు పంపారని నాతో ఒక్క మాటైనా అన్లేదే! ఎంత గుట్టు మీకు!" అంది. కళ్లల్లో నీళ్లు. "వాడు దాన్ని ఫ్రిజ్ మీద అంటించుకున్నాడు. అడిగి పీకి తెచ్చాను, మీకు చూపిద్దామని."

పేరు పంపిన మాట నిజమే. మార్చిలో ఆ కంపెనీ నుంచి ఒక ఫారం వచ్చింది. మీ జట్టులో ప్రతిభ ఉన్నవాళ్ల పేర్లు, చిరునామాలు రాసి పంపండి, పదిహేను పేర్లు దాటితే మీ బడికి రెండు డబ్బాల కొత్త బంతులు ఉచితం అని. మా బడ్జెట్‌లో బంతులకి చోటు ఉండదు. నిరుటి బంతుల కుట్లు ఊడిపోయి ఉన్నాయి. గోడకి తగిలించిన జట్టు జాబితా తీసి, పద్దెనిమిది మందినీ దించి పంపేశాను. అందులో ఏడాదంతా బెంచీ మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నమిలేవాళ్లు కూడా ఉన్నారు.

ఆ మాట అప్పుడే చెప్పాలి. చెప్పబోయాను కూడా. కానీ ఆమె నన్ను చూస్తున్న చూపు అలా ఉంది. నేనేదో పెద్ద మేలు చేసినట్టు. ముప్ఫై నాలుగేళ్లలో అలాంటి చూపు నాకు ఎన్నిసార్లు దక్కిందో వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

"మంచి పిల్లాడమ్మా" అన్నాను. అంతే అన్నాను.

ఆ డబ్బు కోసం ట్రెంట్ జిల్లా పశువుల పోటీకని పెంచుకుంటున్న కోడెని ముందే అమ్మేశాడు. వాడు దాన్ని తోలుకెళ్తుంటే చూస్తూ నిలబడ్డాను. పెరట్లో కొట్టం ఖాళీ అయ్యాకైనా నేను మాట్లాడలేదు. పైగా, నేనూ తోడొస్తానన్నాను. వెళ్లి చూస్తే, ఏమో, నిజంగానే కలిసొస్తుందేమో అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

నాలుగు గంటల ప్రయాణం. ట్రెంట్ దారంతా వాగుతూనే ఉన్నాడు. అక్కడికి చేరాక నోరెళ్లబెట్టాడు. అయిదు మైదానాలు, కార్లు నిలపడానికి చోటే లేదు. గేటు దగ్గర వాడి వీపుకి ఒక అంకె అంటించారు. నూట నలభై ఏడు. ఏరిన కొద్దిమందిలో మా అంకె అది. మా వెనక వరుస ఇంకా గేటు దాటి రోడ్డు మీదకి ఉంది.

"కొద్దిమంది అంటే ఇంతమందా కోచ్?" అన్నాడు ట్రెంట్.

"రాష్ట్రం పెద్దది కదరా" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

క్యాచర్‌కి అక్కడ ఏం చూశారో చెప్తాను. అరవై గజాల పరుగు, గడియారం పట్టుకుని. మైదానం అవతలున్న రెండో బేస్‌కి అయిదు విసుర్లు, గడియారం పట్టుకుని. బ్యాటుతో ఎనిమిది బంతులు, వేగం కొలిచే యంత్రంతో. ట్రెంట్ పరుగు నెమ్మది. చెయ్యి ఫరవాలేదు. వాడి గొప్పంతా వేరేచోట ఉంది. బంతి విసిరే కుర్రాడికి, అంటే పిచర్‌కి, చేతులు వణుకుతుంటే వాడి దగ్గరికెళ్లి ఏదో గొణిగి నవ్వించి వస్తాడు. బ్యాట్ పట్టినవాడి పాదం అంగుళం కదిలితే పసిగడతాడు. దాన్ని ఏ గడియారంతో కొలుస్తారు? రెండో రోజు ఆట పెట్టారు గానీ, నలుగురు క్యాచర్లకి వంతులు. ఏడు ఇన్నింగ్స్ ఆటలో ట్రెంట్‌కి దక్కింది రెండు. ఆ బంతులు విసిరేవాళ్లు వేగం యంత్రం కోసమే విసిరారు. ఎలాంటి బంతి వెయ్యాలో వీడు వేలితో సైగ చేసినా వాళ్లు చూడనేలేదు.

మధ్యలో ఒక కాలేజీ పేరున్న చొక్కా వేసుకున్న యువకుడు కాగితాలు బిగించిన పలక పట్టుకుని కంచె దగ్గర కనిపించాడు. గేటు దగ్గరి పెద్ద బోర్డు మీద రాసిన ఇరవై రెండు కాలేజీల్లో వాళ్లదీ ఉంది. డోరీన్ నా మోచెయ్యి గిల్లింది. "అడగండి కోచ్, వెళ్లి అడగండి." తనూ వెనకాలే వచ్చింది.

"మా నూట నలభై ఏడు ఎలా ఉన్నాడు బాబూ?" అన్నాను.

పలక మీది కాగితం తిరగేశాడు. ఆ వరుసలో అంకెలున్నాయి, అక్షరం లేదు. "బాగానే ఉన్నాడు సార్. కానీ మాకు క్యాచర్లు నిండిపోయారు. వచ్చే రెండేళ్లకీ."

"మరి నువ్విక్కడ ఎవరికోసం చూస్తున్నావు?"

అటూ ఇటూ చూశాడు. ముక్కు ఎండకి కమిలి తోలు ఊడుతోంది. చెడ్డవాడిలా లేడు. "సార్, నిజం చెప్పమంటారా? కాలేజీలో నాది జీతం లేని పని. వీళ్లు రోజుకి రెండొందలిస్తారు. చొక్కా వేసుకుని రమ్మంటారు."

"చొక్కాకా రెండొందలు?" అంది డోరీన్.

వాడి మొహం ఇంకా ఎర్రబడింది. "అందరూ నాలాంటివాళ్లు కాదండీ. అదిగో, ఆ పందిరి కింద కూర్చున్న ముగ్గురూ పెద్ద కాలేజీల వాళ్లే. మూడో మైదానంలో పొడుగ్గా ఉన్నాడే, ఎడమచేతి పిచర్, అతనికోసం వచ్చారు. ఏడాదిగా అతని వెనకే తిరుగుతున్నారు."

"ఆ అబ్బాయి ఎంత కట్టాడు?" అని అడిగింది డోరీన్.

"అతనా? అతని దగ్గర తీసుకోరండీ. అతను వస్తేనే కదా వాళ్లు వచ్చేది."

డోరీన్ మూడో మైదానం వైపు తిరిగింది. కావలసినవాడు ఊరికే ఆడుతున్నాడు. అక్కర్లేనివాళ్లు మూడొందలమంది డబ్బు కట్టి వాడి చుట్టూ గుంపు కడుతున్నారు. ఆ గుంపులో తన కొడుకు వీపు మీద అంకెతో నిలబడి, ప్రతి విసురుకీ ఒకసారి ఆ పందిరి వైపు చూస్తున్నాడు. వాళ్లలో ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు. ఇంకొకాయన శాండ్‌విచ్ తింటున్నాడు.

ఆఖర్న తల్లిదండ్రులందర్నీ డేరా కిందికి పిలిచారు. కంపెనీ పెద్దమనిషి, తెల్లటి పళ్లు, చేతిలో మైకు. "ఈ రెండ్రోజుల్లో మీ పిల్లలు మమ్మల్ని ఆశ్చర్యపరిచారు! కొందరికి మాత్రమే అక్టోబర్లో అరిజోనాలో జరిగే పైస్థాయి ప్రదర్శనకి పిలుపు ఇస్తున్నాం" అని కవర్లు పంచాడు. మాకొచ్చింది. మా పక్కవాళ్లకొచ్చింది. ఆ వెనకవాళ్లకీ వచ్చింది. ఈసారి పదిహేను వందలు.

డోరీన్ లేచి నిలబడింది. వంటగదిలో ఎనభైమంది ముసలివాళ్లకి వినపడేలా అరిచి అలవాటైన గొంతు అది, మైకు అక్కర్లేదు.

"ఇక్కడ కవరు రానివాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు.

"ఏరిన కొద్దిమందిలో మీవాడొకడు, ఏడొందల తొంభై అయిదు కట్టండి అని ఉత్తరం రానివాళ్లున్నారా?"

జనం ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. నవ్వు చెక్కుచెదరకుండా అన్నాడు పెద్దమనిషి. "అమ్మా, మీ బాధ నాకర్థమైంది. కానీ పేర్లు మేం గాల్లోంచి తీసుకోం. ప్రతి పిల్లాణ్ణీ వాళ్ల సొంత కోచే సిఫార్సు చేశాడు. మీ కోచ్‌ని అడగండి, ఆయన కూడా అబద్ధం చెప్తున్నారంటారా?"

"మా కోచ్ ఇక్కడే ఉన్నారు" అంది డోరీన్ గర్వంగా. నా వైపు తిరిగింది. "చెప్పండి కోచ్."

అరవై ఒక్కేళ్లు నాకు. ముందున్న కుర్చీ పట్టుకుని లేచాను.

"నేను మొత్తం జట్టు పేర్లు పంపాను" అన్నాను. "పద్దెనిమిదీ. వీళ్లు రెండు డబ్బాల బంతులిస్తామన్నారు."

డేరాలో ఎవరో చిన్నగా నవ్వారు. ఎక్కడో మరో కోచ్ తల దించుకోవడం చూశాను. ఆయన దించుకున్న తీరు చూస్తే ఆయనకి ఎన్ని డబ్బాలు ముట్టాయోననిపించింది. డోరీన్ మాత్రం నన్నే చూస్తోంది. మే నెలలో నన్ను చూసిన చూపు ఎక్కడికి పోయిందో పోయింది.

తిరుగుదారిలో గంటన్నర వచ్చాం. పెట్రోలు పోయించుకోడానికి ఆగినప్పుడు డోరీన్ కారు దిగి నా వైపు తలుపు దగ్గరికొచ్చింది.

"ఆ తెల్లపళ్లాయన మోసం చేశాడంటే అర్థముంది. వాడి వ్యాపారం అది. మీరెవరు కోచ్? పదిహేనేళ్లప్పుడు నాకు సుత్తి పట్టడం నేర్పినవాళ్లు. ఊళ్లో ఏ ఇంట్లోనైనా కోచ్ అన్నారంటే ఇంక ఎదురుమాట ఉండదు. వాడు కోడెని తోలుకెళ్లినప్పుడు మీరక్కడే నిలబడి ఉన్నారు. నిలబడి చూశారు!"

"తప్పు నాదేనమ్మా."

"నాకు మీ తప్పు వద్దు. వాడికి చెప్పండి. వెనక సీట్లో ఉన్నాడు, వాడికి చెప్పండి."

నేను వెనక్కి తిరిగేలోపే ట్రెంట్ అడిగాడు. "ఆ లిస్టులో నా పేరు ఎన్నోది కోచ్?"

"నాలుగోది" అన్నాను. "అక్షరాల వరస."

"ఓ" అన్నాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వారంలోనే ఏడొందల తొంభై అయిదు డాలర్లు ఒక కవర్లో పెట్టి ఇవ్వబోయాను. డోరీన్ తీసుకోలేదు. "డబ్బిచ్చి కడుక్కుంటారా? పని చెయ్యండి" అంది.

ఎప్పుడో చెయ్యాల్సిన పని అప్పుడు మొదలుపెట్టాను. ట్రెంట్ ఆడిన మ్యాచ్‌ల వీడియోలు పోగుచేశాం. గడియారం పట్టినవి కాదు, ఆట మొత్తం ఉన్నవి. వాడికి ఏ కాలేజీలు సరిపోతాయో కూర్చుని నిజాయితీగా రాసుకున్నాం. పేరుమోసినవాటిని కొట్టేశాం. మిగిలిన ఇరవై ఒక్క కాలేజీల కోచ్‌లకీ నేనే స్వయంగా ఫోన్ చేశాను. ఇద్దరు తిరిగి ఫోన్ చేశారు. ఒకాయన వచ్చాడు. ఖర్చెంతంటే, ఆయనకి నేను కొనిచ్చిన కాఫీ.

ఆయన పేరు ఆంబ్లర్. వందమైళ్ల దూరంలో రెండేళ్ల కాలేజీ. మరుసటి ఏప్రిల్లో, దుమ్ముగాలి కళ్లల్లో కొడుతున్న ఒక మంగళవారం, మా బెంచీల మీద ఒంటరిగా కూర్చున్నాడు. ఆ రోజు మా పిచర్లిద్దరికీ జబ్బు. తొమ్మిదో తరగతి కుర్రాణ్ణి దింపాను. గురితప్పిన బంతులేసి, మొదటి నలుగుర్నీ బ్యాటు ఊపకుండానే బేస్‌కి నడిపించేసి ఏడుపు మొహం పెట్టాడు. ట్రెంట్ వెళ్లి వాడి భుజం మీద చెయ్యేసి ఏదో అన్నాడు. ఏమన్నాడో ఇప్పటికీ చెప్పడు. ఆ కుర్రాడు ముక్కు తుడుచుకుని మరి మూడు ఇన్నింగ్స్ విసిరాడు. ఆట మేం ఓడిపోయాం. ట్రెంట్ బ్యాటుకి ఒక్క బంతీ సరిగ్గా తగల్లేదు.

ఆట అయ్యాక ఆంబ్లర్ నా దగ్గరికొచ్చాడు. "చెయ్యి మామూలే. పరుగు ఇంకా మామూలు. కానీ ఆ పసివాణ్ణి మోసుకొచ్చాడయ్యా. నాకు ఏటా పదిమంది పిచర్లు వస్తారు, సగంమంది అలాంటివాళ్లే" అన్నాడు. సగం ఫీజు, పుస్తకాలు ఇస్తామన్నాడు. డోరీన్ ఆయన చేతిని పట్టుకుని వదల్లేదు. నాతో మాత్రం ఆ రోజు కూడా అవసరమైనంతే మాట్లాడింది.

మే నెలాఖర్లో ఆ కంపెనీ వెబ్‌సైట్లో ట్రెంట్ ఫోటో వేశారు. వీపు మీద నూట నలభై ఏడు. 'మా ప్రదర్శన నుంచి కాలేజీకి!' అని పెద్ద అక్షరాలు. ఫోన్ చేసి కడిగేసింది డోరీన్. అవతల ఉన్న అమ్మాయి తీయగా చెప్పింది, మీరు సంతకం చేసిన ఫారంలో ఫోటోలు వాడుకునే హక్కు మాకుందండీ అని. ఇప్పటికీ అక్కడే ఉంది ఆ ఫోటో. దాన్ని చూసి ఎంతమంది తల్లులు డబ్బు కట్టారో తలుచుకుంటే నాకు తిన్నది ఒంటబట్టదు.

ఆ పై ఫిబ్రవరిలో, కొత్త జట్టు తల్లిదండ్రుల్ని జిమ్‌లోకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. నేను పంపిన పేర్లు, తీసుకున్న బంతులు, అమ్మిన కోడె, చొక్కాకి రెండొందలు, అన్నీ. ఎడమచేతి పిచర్ సంగతి కూడా దాచలేదు. అప్పటికే కాలేజీలు వెంట పడుతున్న పిల్లాడికైతే ఆ ప్రదర్శన పనికొస్తుందని చెప్పాను. మిగతావాళ్లకి నేను ఫోన్ చేస్తాను, నా పని అదే అన్నాను. కొడుకు కాలేజీలో ఉన్నా డోరీన్ వచ్చి వెనక వరుసలో కూర్చుంది.

అందరూ తలలూపారు. మార్చిలో ఇద్దరు వెళ్లి డబ్బు కట్టేశారు. ఆ ఏడు నేను ఎవరి పేరూ పంపలేదు. అయినా ఉత్తరాలు ఎలా వచ్చాయో వచ్చాయి.

వాళ్లలో ఒకావిడని కిరాణా కొట్లో డోరీన్ నిలదీసింది. నేనూ పక్కనే ఉన్నాను. "అంతా విన్నావు కదా! మరి ఎందుకు కట్టావ్?"

ఆవిడ బండిలోని పాల డబ్బా అటుతిప్పి ఇటుతిప్పి పెట్టింది. "ఏమో డోరీన్. అందరూ కట్టి నేనొక్కదాన్నీ కట్టకపోతే, రేపు మావాడు అడిగితే ఏం చెప్పను?"

డోరీన్ తన సరుకుల డబ్బు కట్టేసింది. బయటికొచ్చి కారు డిక్కీలో సంచులు విసిరేసినట్టు పడేసి, "చూశారా కోచ్, ఆ కంపెనీవాళ్లు బేరం పెట్టింది ఎక్కడో? మన భయం దగ్గర" అంది. చాలాకాలం తర్వాత నాతో తనంతట తానుగా అన్న మొదటి మాట అది. ఆ కోపం పూర్తిగా వాళ్లమీదో, కొంత ఇంకా నా మీదో నేను అడగలేదు.