పొగకు గట్లు లేవు

కోత యంత్రం వెళ్లిపోయాక పొలం సగం గొరిగిన గడ్డంలా మిగిలింది. వరి కొయ్యలు మోకాలెత్తున నిలబడి ఉన్నాయి. చలి మొదలయ్యే ఆ రోజుల్లో ఊళ్లో ప్రతి సాయంత్రమూ ఒకేలా ఉండేది. ఎవరి గట్టు మీద వాళ్లు నిలబడి గాలివాటు చూసుకోవడం, అగ్గిపుల్ల గీయడం. అందరూ చేసే పనిని తప్పనేదెవరు? ఈ పొలం రైతు కూడా ఆ సాయంత్రం దాకా అనలేదు.

"ఏం అల్లుడూ, ఇంకా చూస్తావేంటి? నాది రేపు అంటిస్తున్నా, నువ్వూ కానిచ్చేయ్" అన్నాడు పక్క పొలం ఆసామి. అన్నిటికీ అందరికన్నా ముందుండే మనిషి కాబట్టి ఊరంతా ఆయన్ని తొందర మామ అంటారు.

అగ్గిపెట్టె కోసం రైతు ఇంటికి వచ్చాడు. వంటింట్లోకి వెళ్లాలంటే తల్లి గది దాటాలి. నిరుడు ఇదే అదనులో ఆవిడ పోయింది. ఆయాసం మనిషి. ఊరంతా పొగ కమ్మిన సాయంత్రం, "ఊపిరాడట్లేదు నాన్నా, కాసేపు కూర్చోరా" అంది. "మంట పక్క చేలోకి పాకుతుందమ్మా, చూసొస్తా" అని అతను వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఆ గదిలో చప్పుడు లేదు. ఆవిడ దుప్పట్లు ఎన్నిసార్లు ఉతికినా పొగ వాసన పోలేదు. నిజంగా ఉందో, తనకే అనిపిస్తోందో భార్యను అడిగే ధైర్యం అతనికి ఏడాదిగా రాలేదు.

తలుపు దాటుతుండగా దగ్గు వినబడింది.

అతని కాళ్లు ఆగిపోయాయి. ఆగి ఆగి, చివర ఈలలా సాగే అదే దగ్గు.

"విన్నావా?" అన్నాడు భార్యతో.

"వింటూనే ఉన్నా. మీకే వినబడట్లేదనుకున్నా."

"అమ్మ..."

"అత్తయ్య కాదండీ." ఆమె లోపలికి వెళ్లి కిటికీ తెరిచింది.

గోడ అవతల తొందర మామ పెరట్లో, మంచం మీద ఆయన మనవరాలు ఒంగి కూర్చుని ఉంది. నాయనమ్మ దాని వీపు నిమురుతోంది. పైన ఆకాశం మట్టిరంగులో ఉంది. దెయ్యమైనా బాగుండేదనిపించింది అతనికి. దెయ్యమైతే తననొక్కణ్ణే పట్టుకునేది.

వట్టి చేతులతో పొలానికి తిరిగొచ్చాడు.

"అగ్గిపెట్టె తేలేదు మామా. నువ్వూ అంటించొద్దు. నీ మనవరాలు అచ్చం మా అమ్మలా దగ్గుతోంది."

"చలికి పిల్లలు దగ్గకుండా ఉంటారా ఏంటి?"

"నేనూ చలే అనుకున్నా."

మామ ఒంగి ఒక కొయ్యను పీకి చూశాడు. తర్వాత, "ఈ కొయ్యలు కుళ్లేదెప్పుడు, మనం విత్తేదెప్పుడు? అదను పోతే?" అన్నాడు.

"పోతే ముందు నాదే పోనీ. నా చేను దున్నిస్తా. చూశాక, వచ్చే ఏడు నీదీ దున్ను."

అన్నట్టే కొయ్యలు ముక్కలై మట్టిలో కలిసేలా దున్నించి, తడి పెట్టి, మాగనిచ్చి, అందరికన్నా ఆలస్యంగా పెసలు విత్తాడు. మొలకలు పాలిపోయి వచ్చాయి. మామదితో సహా కాల్చిన చేలు పచ్చగా కళకళలాడుతుంటే ఊరు నవ్వింది. అతనికి కంటి మీద కునుకు లేదు. కానీ ఎండలు ముదిరాక కాల్చిన నేలలు నెర్రెలిచ్చాయి, అతని మట్టి తడి నిలుపుకుంది. దిగుబడి గొప్పగా రాలేదు, తీసిపోనూ లేదు. పిడికెడు మన్ను తీస్తే అందులో వానపాములు కదిలాయి. తొందర మామ ఆ మన్నును చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు.

మరుసటి ఏడు వాళ్లిద్దరూ నిప్పు ముట్టలేదు. మిగతా ఊరు ముట్టించింది. ఆ పిల్ల మళ్లీ దగ్గింది.

అప్పుడు రైతుల సమావేశంలో, ఎన్నడూ నోరు విప్పని ఆ రైతు లేచి నిలబడ్డాడు.

"నా తల్లి పోయిన రోజు మంట నా గట్టు దాటకుండా కాపలా కాశాను. దాటలేదు కూడా. పొగ దాటింది. నేలను కాల్చి మనం మిగుల్చుకునేది నాలుగు రోజుల అదను. పోగొట్టుకునేది మట్టిలో ప్రాణం, ఇంట్లో ప్రాణం. నిప్పును గట్టు ఆపుతుందేమో గానీ, పొగను ఆపగలిగేది మన చేతులే."