అడగని కారణం

ఆఫీసులో ఆమెను అందరూ తప్పులమ్మ అంటారు. ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడంలో అంత ఘనురాలు. అలాంటి మనిషికి రెండు రోజులుగా కాలు ఒకచోట నిలవడం లేదు. ఫైలు దాచమంటే కంప్యూటరు కుదరదంటోంది. ఎందుకయ్యా అంటే, 'ఈ పరికరానికి ఆ పని చెప్పకూడదు' అని, ప్రోగ్రాము తన సంగతులు రాసుకునే లాగ్‌లో చూపిస్తోంది. ఏ పరికరం? ఉన్న తీగలన్నీ ఊడబీకినా అదే పాట.

పదకొండింటికి చెల్లెలు ఫోన్ చేసింది. దానికి ఎనిమిదో నెల.

"ఏంటే?"

"ఏం లేదక్కా... ఊరికే."

"మాత్ర వేసుకున్నావా?"

"ఆఁ, వేసుకున్నా."

"సరే, పనిలో ఉన్నా" అని పెట్టేసింది. పెట్టేసిందే గాని మనసు కుదుటపడలేదు. పనివేళల్లో ఫోన్ చేసే పిల్ల కాదది.

మళ్లీ కోడ్ ముందు కూర్చుంది. కంప్యూటరులో కెర్నెల్ ఇంటి పెద్ద లాంటిది. ఏ ప్రోగ్రాముకు ఏం కావాలన్నా దాన్నే అడగాలి. కుదరకపోతే మైనస్ ఒకటి అని మొహాన కొట్టి, ఎందుకు కుదరలేదో తెలిపే అంకె పక్కన పెట్టిస్తుంది. దాన్ని వెంటనే చదువుకోవాలి. ఈలోగా ఇంకో పని చెప్పామా, దాని అంకె వచ్చి పాతదాని మీద కూర్చోవచ్చు.

మైనస్ ఒకటి అందుకున్న చోటుకీ, కారణం చదివే చోటుకీ నడుమ ఒక్క వరుస ఉంది. 'ఫైలు దాచలేకపోయాం' అని లాగ్‌లో రాయమనే వరుస. అదీ కెర్నెల్‌కు చెప్పే ఇంకో పనే. స్వయంగా తను రాసిందే. రెండు రోజులుగా చూస్తున్నది ఆ రాత తెచ్చిపెట్టిన కారణం. అసలుది ఎప్పుడో చెరిగిపోయింది.

వరుసను కిందికి జరిపి మళ్లీ నడిపింది. 'డిస్కులో చోటు లేదు.'

"నా మొహం మండ!" అని నవ్వబోయింది. అంతలో చెల్లెలి ఫోన్ గుర్తొచ్చింది. ఏం లేదక్కా. మాత్ర వేసుకున్నావా.

వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఇందాక ఎందుకు చేశావే?"

"ఏం లేదన్నాగా."

ఈసారి ఇంకేమీ అడగలేదు. అవతల ఊపిరి వినిపించింది, తర్వాత ఏడుపు.

"పొద్దున్నుంచి కడుపులో కదలట్లేదక్కా."

ఆసుపత్రిలో చెల్లెలి పొట్టకు పట్టీ కట్టారు. డాక్టరమ్మ చాలాసేపు వెతికింది. ఎట్టకేలకు టకటకమని గుండె చప్పుడు. బలహీనంగా ఉందనీ, ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేసి బిడ్డను బయటికి తీయాలనీ చెప్పింది.

"నాకు అప్పుడే చెప్పొచ్చుగా!" అంది అక్క, చెల్లెలి చెయ్యి వదలకుండా.

"నువ్వు మాత్ర గురించి అడిగావు కదక్కా. దానికే జవాబు చెప్పాను."