కుండీల్లో తగ్గిన మట్టి

మంగతాయారు పుట్టిల్లు క్రోసూరు. అక్కడ మిరపనారు పోసేవాళ్ళు మడిలో ముందు పురుగుమందు గుళికలు చల్లి, ఆ తర్వాతే విత్తనం వేస్తారు. మెట్టినిల్లు నరసరావుపేట, అదీ పురుగుమందుల కొట్టున్న ఇల్లు. ఇక ఆవిడకి గుళికలంటే భయమెక్కడిది? ఉప్పుకల్లుకిచ్చే మర్యాద కూడా ఇవ్వదు.

కోడలు హిమజకి మూడో నెల వచ్చింది. మెట్లెక్కొద్దు, మందుల వాసన పీల్చొద్దు అంది డాక్టరమ్మ. ఆ రోజు నుంచి మామ లక్ష్మీనారాయణా, మొగుడు ఆదిత్యా కొట్టు నుంచి వచ్చి, పెరట్లో స్నానం చేశాకే గడప తొక్కుతున్నారు. పొద్దుపోని హిమజ పూలవిత్తనాలు తెప్పించుకుంది. పెటూనియాలట, చలికాలం కిటికీ నిండా పూస్తాయట. ముక్కుపొడుంలా ఉన్న ఆ గింజల్ని ఇసకలో కలిపి కుండీల్లో చల్లి, పైన మన్ను కప్పకుండా నీళ్ళు చిలకరించింది. మూడోనాటికి చీమలు బారులు తీరి గింజలన్నీ మోసుకుపోయాయి. పిల్ల కిటికీ దగ్గర కూర్చుని ఏడ్చింది.

కడుపుతో ఉన్న పిల్ల కంటనీరు పెడితే ఏ అత్త మనసు ఊరుకుంటుంది? రెండోసారి విత్తేముందు మంగతాయారు కొట్టులోంచి గుళికల పొట్లం కొంగున ముడేసుకొచ్చి, గుట్టుచప్పుడు కాకుండా మట్టిలో కలిపేసింది. చెబితే హిమజ పారబోయిస్తుంది. చూసుకునే పూలేగా, నోట్లోకి పోయేవా ఏమన్నానా అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

చీమ మళ్ళీ ఆ కిటికీ తొక్కలేదు. ధనుర్మాసానికి ఊదా, గులాబీ, తెలుపు పూలు విరగబూశాయి. పక్కింటి నాగమల్లేశ్వరి వచ్చి ఆకులు తిప్పి తిప్పి చూసింది.

"ఒక్క పురుగు కూడా లేదేందక్కా? ఏం ఏస్తన్నారు?"

"ఏం లేదు. మా కోడలి చెయ్యి మంచిది," అంది మంగతాయారు. ఆ పొద్దున్నే కిటికీ గట్టు మీద బల్లి వెల్లకిలా పడుంటే చీపురుతో తోసేసింది, ఎవరికీ చెప్పలేదు.

ఒక్క సంగతే ఆవిడకి అంతుపట్టలేదు. కుండీల్లో మట్టి తగ్గిపోతోంది. నీళ్ళకి అణిగిపోతోంది కాబోలు అనుకుంది. వారానికోసారి కొత్త మట్టి పోసింది. పోసినప్పుడల్లా కాసిని గుళికలూ కలిపింది.

శుక్రవారం మధ్యాహ్నం హిమజ మంచం మీద ముడుచుకుని కూర్చుంది. నోటి వెంట చొంగ కారుతోంది. చలికాలంలో జాకెట్టు తడిసేలా చెమట.

"వేవిళ్ళు మళ్ళీ మొదలైనయ్యత్తయ్యా."

ఆరో నెల దాటాక వేవిళ్ళేమిటి? మంగతాయారు గడ్డం పట్టుకుని ఆ మొహం పైకెత్తింది. కంటిపాపలు ఆవగింజలంత అయిపోయాయి. మందు కొడుతూ చేలో పడిపోయిన కూలీలను ఆసుపత్రికి తీసుకెళ్ళే దారిలో తమ కొట్టు ముందు ఆపేవాళ్ళు, అది ఏ మందో రాసిమ్మని. అలాంటి కళ్ళు ఆవిడ అక్కడ నాలుగుసార్లు చూసింది.

"ఏం తిన్నావమ్మా? దాచకుండా చెప్పు."

హిమజ సిగ్గుపడింది. "కుండీలో మట్టి. నీళ్ళు పోస్తే ఆ వాసనకి ఆగలేకపోతన్నా. ముందు చిటికెడే తినేదాన్ని, ఇయ్యాల చానా తిన్నా. నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మా తిన్నదంట. ఏం కాదులే అత్తయ్యా."

మంగతాయారు మొగుడికి ఫోన్ చేసింది. అటక మీద దాచిన పొట్లం దించి సంచీలో వేసుకుంది. పెద్దాసుపత్రి పది నిమిషాల దూరం. ఆటోలో హిమజ చేతులు వణుకుతున్నాయి, అయినా అత్త బెదిరిపోయిందని ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"మట్టి తింటే ఇంత భయమేంది అత్తయ్యా? ఊరంతా తినేదేగా."

ఆసుపత్రిలో ఎలాగూ చెప్పాలి. అక్కడ చెప్పేలోపు ఈ పిల్లకి చెప్పాలి.

"అందులో గుళికలున్నయ్యి. నేనే కలిపా తల్లీ. పోయిన వారం కూడా కలిపా."

హిమజ ఆవిడ మొహంలోకి చూసింది. పట్టుకున్న చెయ్యి వదిలేసింది. రెండు చేతులూ కడుపుకి అడ్డం పెట్టుకుని, సీటు ఆ చివరికి జరిగి కూర్చుంది.